తలాపున నీళ్ళు

కోకిలకు నిద్రంటేనే విసుగు పుట్టింది. పగలంతా చాకిరీ చేసి ఒళ్ళు చాప మీద వాల్చితే మనిషికి దక్కేది ఆ నాలుగు గంటల నిద్ర. అదీ ఆమెకు దక్కలేదు. రాత్రి ఏ రెండింటికో మెలకువ వచ్చేది. వచ్చేసరికి నోట్లో తడి అన్నది ఉండేది కాదు. నాలుక పిడచగట్టి అంగిట్లో అతుక్కుపోయేది. పెదవులు విడదీస్తే చర్మం చిట్లి మంట. గుటక వేద్దామంటే వేయడానికి ఏదైనా ఉండాలి గదా! అట్లా చీకట్లోకి చూస్తూ, వంటపంచలో ఉన్న నీళ్ళ కుండను తలుచుకుంటూ పడుకునేది. కుండ ఎంతో దూరంలో లేదు, పదడుగులు. ఆ పదడుగుల్లో ఆరుగురు మనుషులు పడుకుని ఉండేవాళ్ళు.

చింతాద్రిపేటలో, కూవం వాసన తగిలే సందులో, ఒక గది, దాని వెనక ఒక ఇరుకు వంటపంచ. అంతే వరదరాజులు కాపురం. గోడవారగా కోకిల, ఆమె పక్కన ముగ్గురు పిల్లలు, వాళ్ళ పక్కన మిల్లు నుంచి వచ్చి మొద్దులా పడిపోయే వరదరాజులు, ఆ పైన అతని తల్లి మంగళమ్మ. వంటపంచ గడప దగ్గర, కాస్త గాలి ఆడే చోట, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ రాజలక్ష్మి. ఎవరి చోటు వాళ్ళది. ఆ వరస మారేది లేదు. చంటివాడు తల్లి పక్కన లేకపోతే ఊరుకోడు, కడుపుతో ఉన్న పిల్లను గాలి లేని మూలకు తోయడానికి మనసొప్పదు.

పడుకున్న మనిషిని దాటకూడదు. ఇది కోకిల పుట్టింట్లోనూ ఉన్న మాటే. పిల్లల్ని దాటితే ఎదగరు. మొగుణ్ణి దాటితే ఏమవుతుందో ఆడది నోటితో అనదు. ఇక కడుపుతో ఉన్నదాన్ని దాటడమంటే అంతకన్నా ఘోరం లేదు. అయినా ఎండలు ముదిరే చిత్తిర నెలలో ఒక రాత్రి కోకిల తెగించింది. కొంగు నడుముకు చుట్టి, ఊపిరి బిగబట్టి, పిల్లల కాళ్ళ మధ్య కాలు పెట్టి, మొగుడి పాదాల పక్కనుంచి జరిగి, అత్త తల దగ్గర ఒదిగి, చివరకు రాజలక్ష్మి కాళ్ళ మీదుగా ఒక్క అంగ వేసింది. కుండ మూత మీద చెయ్యి పడిందో లేదో, వెనకనుంచి మంగళమ్మ గొంతు లేచింది.

"ఎవురది? దాటినావా?"

"నీళ్ళకోసరం అత్తా, నోరు ఎండిపోయి..."

"కడుపుతో ఉండే పిల్లని దాటతావా? ముందర వెనక్కి దాటు! వచ్చినట్టే పో. దాటిన దోషం దాటితేనే పోయేది."

ఏం చేస్తుంది? ఆ ఎండిన నోటితోనే మళ్ళీ రాజలక్ష్మి కాళ్ళు దాటి, అత్తను దాటి, మొగుణ్ణి దాటి, పిల్లల్ని దాటి గోడ దగ్గరికి వచ్చి పడుకుంది. నీళ్ళు తాగలేదు. వరదరాజులు అటు తిరిగి "ఏం గోలరా ఇది" అని గొణిగి మళ్ళీ గురక పెట్టాడు. తెల్లవారి నాలుగింటికి వీధి కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టాక, మొట్టమొదట దోసిలి పట్టి తాగిన నీళ్ళే ఆ రాత్రి నీళ్ళు.

రోగం కొత్తది కాదు. చిన్నప్పటినుంచీ ముక్కులో దుర్మాంసం. వయసు ముప్ఫై దాటాక అది బాగా పెరిగి గాలి ఆడనివ్వడం మానేసింది. ఆస్పత్రిలో చూపిస్తే కోసి తీయాలన్నారు, తీశాక నాలుగు రోజులు పడుకోవాలన్నారు. నాలుగు రోజులు కోకిల పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? కొళాయి దగ్గర బిందె ఎవరు పెడతారు? ఆ మాట అడిగితే చెప్పే డాక్టరు ఇంకా పుట్టలేదు. ఆమె చీటీని బియ్యం డబ్బా కింద పెట్టి మరిచిపోయింది.

పక్క పోర్షనులో ఆరోగ్యమేరి ఉండేది. ఆస్పత్రిలో ఆయా పని. ఒకనాడు కొళాయి దగ్గర కోకిల పెదవులు చూసి ఆమే అడిగింది.

"ఏందక్కా, పెదాలు అట్ల పగిలిపోయినాయి?"

కోకిల చెప్పుకుంది. ఇంట్లో ఎవరూ అడగని మాట బయటి మనిషి అడిగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంతేనా! మా వార్డులో ఇట్లా నోరు తెరుచుకుని నిద్రపోయే వాళ్ళు ఎంతమంది ఉండారో. ముక్కు మూసుకుపోతే గాలి నోట్లో పోతాది, తడి ఆరిపోతాది. సుమ్మా, ఊరికే తల పక్కన ఒక చెంబు నీళ్ళు పెట్టుకో. మెలకువ వచ్చినప్పుడంతా ఒక గుక్క తాగు. గడ్డం కింద నించి నెత్తి మీదికి ఒక గుడ్డ కట్టుకుంటే నోరు తెరుచుకోదు. శరియా?"

ఎంత తేలికైన మాట! కోకిల ఆ రాత్రే గడ్డం కింద పాత ధోవతి పీలిక కట్టుకుని, చెంబు నిండా నీళ్ళు ముంచుకొచ్చి తల దగ్గర పెట్టుకుంది. దీపం తగ్గించడానికి వచ్చిన మంగళమ్మ అది చూసి ఒంటికాలి మీద లేచింది.

"అయ్యయ్యో, ఇది ఇల్లా ఏమి! తల కాడ నీళ్ళు ఎవురికి పెడ్తారే? పీనిగ లేచిన చోట పెడ్తారు, దీపమూ నీళ్ళూ, పది దినాలు. దవడకి గుడ్డ ఎవురికి కడ్తారో అది కూడా నేనే చెప్పాల్నా? నా కొడుకు గుండ్రాయి మాదిరి బతికి ఉండంగా నువ్వు పీనిగ వేషం వేసుకుంటావా? నా పానం ఉండంగా ఈ ఇంట్లో తలాపున నీళ్ళు పెట్టేదానికి లేదు!"

ఈ గోలకు పక్క పోర్షను వాళ్ళు తలుపులు తీశారు. మంగళమ్మ గొంతు తగ్గించే మనిషి కాదు. సందు సందంతా విన్నది. వరదరాజులు పెళ్ళాం వంక చూసి, తల్లి వంక చూసి, పంచె దులుపుకుని బయటి అరుగు మీదికి పోయాడు. అక్కడ మద్రాసు ఎవరిదని మగవాళ్ళు తగవులాడుకుంటున్నారు. ఆ ఏడాదంతా అదే తగవు. మద్రాసు మనదే అని వరదరాజులు గొంతు చించుకుంటుంటే, లోపల కోకిల గుడ్డ విప్పి, చెంబులో నీళ్ళు మళ్ళీ కుండలో పోసింది.

తరవాత ఆమె చేయని ప్రయత్నం లేదు. బుగ్గన ఎండు ఉసిరి ముక్క పెట్టుకుని పడుకుంటే ఒకనాడు అది గొంతుకు అడ్డం పడి ప్రాణం పోయినంత పనైంది. పెదాలకు నెయ్యి రాసుకుంటే చీమలు పట్టాయి. పడుకోబోయే ముందు రెండు చెంబులు తాగి చూసింది. దానితో వేరే అవసరానికి లేవాల్సి వచ్చి, మళ్ళీ ఆ ఆరుగురే అడ్డం. నడివేసవి కత్తిరి ఎండలు మొదలయ్యాయి. గది రాత్రిపూట కూడా పెనంలా కాలేది. తెల్లవారేసరికి గొంతు పెగలక సైగలు చేస్తుంటే, అత్త "మూగ నోము పట్టినావా" అని ఎత్తిపొడిచేది. అత్తకేం? ఆమెకు వట్టివేరు వేసిన కూజా వేరే ఉంది. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. దాని నీళ్ళ రుచి ఎట్లా ఉంటుందో కోకిలకు పన్నెండేళ్ళ కాపురంలో తెలియదు.

కోకిల పడుకునే చోట, తలకు జానెడు ఎత్తున, గోడలో ఒక గూడు ఉంది. అందులో కాశీ చెంబు. మంగళమ్మ, ఆమె మొగుడు కాశీకి పోయినప్పుడు తెచ్చిన గంగ. మూతి అతికించిన రాగిచెంబు. మామగారు పోయేటప్పుడు అతుకు విప్పి మూడు చుక్కలు ఆయన నోట్లో పోశారు. మిగిలినవి మంగళమ్మవి. చెంబు మూతికి పట్టుగుడ్డ కట్టి పసుపుదారం చుట్టి పెట్టుకుంది. మళ్ళీ అతికించాలని అనుకుంటూనే ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆమెకు ఈ లోకంలో సొంతానికంటూ ఉన్నది ఆ చెంబొక్కటే. పోయే ముందు ఆ నీళ్ళు గొంతు దిగితే చాలు, ఇంకేమీ అక్కరలేదని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించి చెప్పేది.

ఒక రాత్రి కోకిల లేచి కూర్చుంది. నాలుక కదల్లేదు. ఊపిరి పీలిస్తే గొంతు కోసుకుపోతోంది. చెయ్యి దానంతటదే గూటిలోకి పోయింది. అట్లా అనుకోవడం ఆమెకు ఇష్టం గాని, నిజానికి ఆమె కావాలనే చెయ్యి చాపింది. దారం విప్పింది. ఎంగిలి కాకుండా తల వెనక్కి వంచి, పైనుంచి ఒక గుక్కెడు పోసుకుంది. రాగి వాసన వేసే ఆ నీళ్ళు నాలుక మీద పడగానే ఒళ్ళంతా వదులైపోయింది. ఇంకో గుక్కెడు. దారం కట్టేసి పడుకుంది. అంత నిద్ర ఆమె ఎన్నేళ్ళుగానో ఎరగదు.

తెల్లవారాక తను చేసింది తెలిసొచ్చింది. ముసలామె చివరి గుక్క తను తాగేసింది! ఎవరూ లేనప్పుడు చెంబు దించి, తగ్గిన మేరకు కొళాయి నీళ్ళు పోసింది. గంగ ఒక్క చుక్క కలిసినా అన్నీ గంగే అవుతాయంటారు గదా అని మనసుకు నచ్చజెప్పుకుంది. మళ్ళీ రాత్రి అయింది. మళ్ళీ నోరు ఎండింది. దాహానికి నచ్చజెప్పడం ఎవరి తరం? తాగింది, తెల్లవారి నింపింది. ఇరవై రోజులు ఇట్లా గడిచాక, ఆ చెంబులో కాశీ ఎంత మిగిలి ఉంటుందో లెక్క వేయడం మానేసింది. అత్త "నా గంగ" అని ఎవరితోనైనా అన్నప్పుడల్లా కోకిల లేచి వంటపంచలోకి పోయేది.

వానలింకా పడని ఆని నెలలో కొళాయిలో మూడు రోజులు గాలి తప్ప ఏమీ రాలేదు. పేటంతా బిందెలు పట్టుకుని తిరిగింది. ఇంట్లో ఉన్న నీళ్ళు పిల్లలకూ కడుపుతో ఉన్న రాజలక్ష్మికీ సరిపోవడమే కష్టం. మొదటి రాత్రి కోకిల కాశీ చెంబును అడుగంటా తాగేసింది. తెల్లవారి అందులో పోయడానికి చుక్క లేదు. ఖాళీ చెంబు గూట్లో పెట్టి దారం కట్టింది. ఆ పగలంతా ఆ గూటి వైపు చూడలేకపోయింది. ఎవరైనా ఎత్తి చూస్తే తన బతుకు బజారు పాలవుతుంది. అత్తకు చావు కూడా ప్రశాంతంగా లేకుండా చేసినదాన్నయ్యానే అని ఏడ్చింది. ఏడిస్తే కళ్ళలోనైనా తడి ఉందని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి మామూలుగానే మెలకువ వచ్చింది. ఆశ లేకపోయినా చెయ్యి గూటిలోకి పోయింది. చెంబు బరువుగా తగిలింది! కోకిల ఉలిక్కిపడింది. దారం విప్పి వేలు పెట్టి చూస్తే నీళ్ళు మూతిదాకా ఉన్నాయి. నోట్లో పోసుకుంటే చల్లగా, ఏదో తెలియని కమ్మని వాసన. రాగి వాసనే కాదు. గంగమ్మ ఊరింది! అట్లా కాకపోతే మరెట్లా? చీకట్లోనే చెంబుకు దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుని తాగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కొళాయి మళ్ళీ వచ్చాక కూడా చెంబు నింపే పని కోకిలకు పడలేదు. సాయంత్రానికల్లా అది నిండి ఉండేది. ఎవరికైనా చెప్దామంటే తాగిన సంగతీ చెప్పాలి. కిక్కురుమనకుండా ఊరుకుంది. తన మీద ఏ దేవత అయినా ఇంత జాలి చూపిస్తుందని కోకిల ఎన్నడూ అనుకోలేదు.

రాజలక్ష్మికి మగపిల్లవాడు పుట్టాడు. గడప దగ్గర ఇప్పుడు తల్లీ బిడ్డా ఇద్దరు. పిల్లవాడికి నెల వెళ్ళిందో లేదో, ఆడి నెల చివర్లో మంగళమ్మకు జ్వరం పట్టుకుంది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. తొమ్మిదో రోజుకు మనిషి చాపకు అంటుకుపోయింది. "నన్ను గూటి కాడ పండబెట్టండి" అని ఆమే అడిగింది. కోకిల తన చోటు ఖాళీ చేసి, అత్తను గోడవారగా పడుకోబెట్టి, తను పక్కన కూర్చుంది. రాత్రంతా తడిగుడ్డ మార్చడం, పగలంతా మిగతా చాకిరీ. నిలబడితే కళ్ళు మూతలు పడేవి.

వాషర్‌మెన్‌పేట్ నుంచి మంగళమ్మ తమ్ముడు చెంగల్రాయుడు వచ్చాడు. వచ్చి నాడి పట్టుకుని చూసి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంక ఆలిస్యం చెయ్యబాకండి. గంగ తియ్యండి. అమ్మా కోకిలా, ఇంటి కోడలివి, నీ చేత్తో పొయ్యి."

ఆ మాట వినడానికి కోకిల మూడు నెలలుగా భయపడుతూనే ఉంది. లేచి చెంబు దించింది. నిండుగా ఉంది. గంగ ఊరిన చెంబు గదా, ఏం ఫరవాలేదు అనుకుంది. మనసు మాత్రం ఆ మాట నమ్మలేదు. నిజంగా ఊరిందో లేదో, ఈ చావుబతుకుల మనిషి దగ్గర ఆ అబద్ధం ఎందుకు? వంగి, అత్త చెవి దగ్గర నోరు పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు నారాయణా నారాయణా అంటున్నారు. ఆమె మాట ఎవరికీ వినిపించలేదు.

"అత్తా, ఇది గంగ కాదు. నీ గంగ నేను తాగేసినా. రాత్రిళ్ళు నోరు ఎండిపోయి, తట్టుకోలేక తాగినా. నన్ను ఏమన్నా అను."

మంగళమ్మ కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో కోపం కోసం కోకిల వెతికింది.

"తెలుసు లేవే." మాట గాలిలా వచ్చింది. "దినమూ నింపింది ఎవురనుకున్నావు?"

వట్టివేరు! ఆ వాసన వట్టివేరుది! కొళాయి రాని ఆ మూడు రోజులూ దాహం లేదని, ఒక్కపొద్దని చెప్పి కూజా పక్కన పెట్టుకుని ఊరికే కూర్చున్న మనిషి కోకిల కళ్ళ ముందు కదిలింది.

"మరి తల కాడ పెట్టుకోమని ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా అత్తా!"

"వీధి వీధంతా వినేటట్టు కాదంటిని. మళ్ళీ ఏం మొగం పెట్టుకుని చెప్పేది?" ముసలామె పెదాలు విడదీయడానికి కష్టపడింది. అవి ఎండి చిట్లి ఉన్నాయి. ఆ ఎండడం కోకిల కన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు.

"నీకు గంగ లేకుండా చేసినానే..."

"వాగబాక. నోరు ఎండిపోతా ఉండాది. పొయ్యి."

కోకిల పోసింది. మంగళమ్మ మూడు గుక్కలు తాగి, చాలని తల ఆడించింది. "గంగ దిగింది, పుణ్యాత్మురాలు" అని చెంగల్రాయుడు చేతులు జోడించాడు. తెల్లవారక ముందే ఆమె పోయింది.

దహనం అయ్యాక, ఆమె ప్రాణం విడిచిన చోట అలికి, ప్రమిద వెలిగించి, పక్కన ఇత్తడి గ్లాసుతో నీళ్ళు పెట్టారు. పది రోజులు ఆ దీపం ఆరకూడదు. చూసుకునే బాధ్యత కోడలిదే కాబట్టి కోకిల పడక గోడ దగ్గరే పడింది. ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు గదినిండా, వంటపంచనిండా, వాకిలినిండా పడుకున్నారు. కాలు పెట్టడానికి సందు లేదు. రాజలక్ష్మి ఏడ్చి ఏడ్చి బిడ్డ పక్కన నిద్రపోయింది. కోకిలకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. మూడు రాత్రుల నిద్ర ఒక్కసారిగా మీద పడింది.

ఏ రెండింటికో మెలకువ వచ్చింది. నాలుక అంగిట్లో అతుక్కుని ఉంది. కాశీ చెంబు గూట్లో లేదు, బూడిదతోపాటు సముద్రంలో కలపడానికి చెంగల్రాయుడు తీసి పెట్టుకున్నాడు. దీపం వెలుగులో, తలకు మూరెడు దూరంలో, గ్లాసులో నీళ్ళు మెరుస్తున్నాయి. తలాపున నీళ్ళు. చాలాసేపు కోకిల వాటిని చూస్తూ పడుకుంది. ఇవి అత్తవి. పోయిన మనిషి దాహానికి పెట్టినవి. ముట్టుకుంటే పాపమో ఏమో. కానీ అత్తే ఉంటే ఏమంటుంది? "వాగబాక, తాగు" అంటుంది. ఆ గొంతు చెవిలో వినిపించినట్టే అయి, అప్పుడు వచ్చింది కోకిలకు ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తగ్గాక లేచి కూర్చుని, గ్లాసు ఎత్తి, ఎంగిలి కాకుండా పైనుంచి పోసుకుని సగం తాగింది. ప్రమిదలో నూనె పోసి, వత్తి ఎగదోసి పడుకుంది.

తెల్లవారాక మొదట చూసింది చెంగల్రాయుడు. గ్లాసు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి భోరుమన్నాడు.

"చూడండ్రా! సగానికి సగం తగ్గింది! అక్క వచ్చి తాగి పోయిందిరా!"

చుట్టాలందరూ గుమిగూడారు. వరదరాజులు గోడకు ఆనుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. రాజలక్ష్మి బిడ్డను తెచ్చి ఆ చోట వాడి తల ఆనించింది. ఇన్ని రోజులుగా ఎవరి మొహంలోనూ లేని తెరిపి అందరి మొహాల్లోకీ వచ్చింది. గుంపు వెనక నిలబడ్డ ఆరోగ్యమేరి కోకిల పెదాల వంక చూసింది. అవి ఆవేళ పగల్లేదు. ఆరోగ్యమేరి చూపు తిప్పుకుని సిలువ గుర్తు వేసుకుంది.

"ఏమ్మా కోకిలా, రాత్రి నీకేమన్నా అలికిడి అయిందా?" అని చెంగల్రాయుడు కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"అయింది మామా," అంది కోకిల. "అత్త గొంతు వినపడింది."

సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆమె వంటపంచ మూలన ఉన్న వట్టివేరు కూజాను పన్నెండేళ్ళలో మొదటిసారి ముట్టుకుంది. కడిగి, కొత్త నీళ్ళు పోసి, వట్టివేరు వేసి గదిలోకి తెచ్చింది. గ్లాసును దాని నీళ్ళతో మూతిదాకా నింపి, దీపం పక్కన పెట్టి, తన చాప ఇంకొంచెం ఆ వైపుకు జరుపుకుంది.